తూర్పు కాటేజీ, పడమటి ఇల్లు

శుక్రవారం రాత్రి తొమ్మిది దాటాక బెంగళూరు మడివాళలో హోసూరు రోడ్డు పక్కన నిలబడితే చుట్టూ తెలుగే వినిపిస్తుంది. బీటీఎం లేఅవుట్, తావరెకెరె, కోరమంగల పీజీల నుంచి బ్యాగు భుజాన వేసుకుని వచ్చినవాళ్ళు ఫోన్‌లో బస్సు నంబరు చూసుకుంటూ ఉంటారు. "నెల్లూరు, ఒంగోలు, చీరాల" అని క్లీనరు ఊళ్ళ పేర్లు పిలుస్తుంటాడు. ఆ వరసలోకే గోకర్ణం బస్సు కూడా వచ్చి ఆగుతుంది. ఒకటి కోలారు, పలమనేరు మీదుగా తూర్పుకు దిగుతుంది. ఇంకొకటి తుమకూరు దాటి పడమటి కనుమల వైపు పోతుంది. రెండూ అటూ ఇటుగా 500 కిలోమీటర్ల దారి. తెల్లవారేసరికి రెండూ సముద్రం దరిదాపుల్లో దింపేస్తాయి.

మూడు రోజుల సెలవు కలిసొచ్చినప్పుడు ఏ బస్సెక్కాలన్న చర్చ ఎప్పుడూ తీరం మీదే నడుస్తుంది. ఇసుక ఎక్కడ తెల్లగా ఉంది, అలలు ఎక్కడ బాగుంటాయి, ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయి. ఉండే చోటు సంగతి మాత్రం చివర్లో, యాప్‌లో ధరలు చూసి రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. ఇది తలకిందుల పద్ధతి. నగరంలో హోటలు నచ్చకపోతే రోజంతా బయట తిరిగి రాత్రికి చేరుకోవచ్చు. పల్లె తీరంలో ఆ వీలు లేదు. పదింటికల్లా ఎండ నడినెత్తికెక్కుతుంది, ఇసుక కాళ్ళు కాలుస్తుంది, పక్కన ఇంకో హోటలుండదు. నీడ, మంచినీళ్ళు, వేడన్నం, సముద్రం సంగతి చెప్పే మనిషి, అన్నీ దిగిన ఆ ఒక్కచోటే దొరకాలి. అందుకే బాపట్ల దగ్గరి సూర్యలంకలో ఉన్న కాటేజీ పద్ధతినీ, గోకర్ణంలో ఇళ్ళవాళ్ళు గదులిచ్చే పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది. చీరాల తీరపు రిసార్టులు ఈ రెంటి మధ్యలోకి వస్తాయి.

గోకర్ణం మనకు తెలియని ఊరేమీ కాదు. కైలాసం నుంచి ఆత్మలింగాన్ని లంకకు మోసుకుపోతున్న రావణుడి చేతి నుంచి దాన్ని వినాయకుడు అందుకుని ఉపాయంగా నేల మీద పెట్టేసిన కథ, 1958లో వచ్చిన 'భూకైలాస్'తో తెలుగువాళ్ళందరికీ చేరింది. రావణుడిగా ఎన్టీఆర్, నారదుడిగా అక్కినేని వేసిన సినిమా అది. ఆ లింగం కదలకుండా నిలిచిపోయిన చోటని చెప్పే మహాబలేశ్వరాలయం చుట్టూ ఊరు అల్లుకుంది. యాత్రికులు సముద్రస్నానం చేసి, కోటితీర్థంలో మునిగి, చాలామంది పితృకార్యాలు కూడా జరిపించుకుని వెళ్తారు. పితృకార్యం గంటలో ముగిసేది కాదు. ముందురోజే చేరాలి, రాత్రి ఉండాలి, మడితో వండినదే తినాలి. కాబట్టి కార్యం జరిపించే పురోహితుడి ఇంట్లోనే దిగడం ఆ ఊళ్ళో తరాల నాటి అలవాటు. ముందు వసారా, వెనక బావి, వచ్చినవాళ్ళకని విడిచిన ఒక గది.

ఆ తర్వాత ఓం, కుడ్లె తీరాలను వెతుక్కుంటూ విదేశీ కుర్రవాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక బెంగళూరు ఐటీ ఉద్యోగులు వచ్చారు. వాళ్ళకు దొరికినవీ మొదట అటువంటి ఇళ్ళే, తీరం మీది తాటాకు గుడిసెలే. ఈరోజు హోంస్టే అని బోర్డు పెట్టుకున్న ఇంటి వెనక ఉన్నది యాత్రికుణ్ణి ఇంట్లో దింపుకునే ఆ పాత అలవాటు. దానికి మంచం, అటాచ్డ్ బాత్రూము, వైఫై తర్వాత చేరాయి.

సూర్యలంక సంగతి వేరు. గుడి, బజారు, కాలేజీలు అన్నీ బాపట్ల ఊళ్ళో ఉంటాయి. సముద్రం 9 కిలోమీటర్ల అవతల. కార్తీకమాసం వస్తే గుంటూరు, పల్నాడు ఊళ్ళ నుంచి బస్సుల్లో, ఆటోల్లో, ట్రాక్టర్లలో జనం వచ్చి, సముద్రంలో మునిగి, ఇసుకలో దీపం పెట్టి, సరుగుడు చెట్ల కింద వంట చేసుకు తిని, పొద్దుగూకేలోపు తిరిగి వెళ్ళిపోతారు. మా తరం పిల్లలు సముద్రాన్ని మొదట చూసింది అలా, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకునే. ఆ ప్రయాణంలో రాత్రి లేదు. రాత్రి ఉండని జనం కోసం ఇల్లు ఎవరు తలుపు తీస్తారు? చివరికి ఆ పని ప్రభుత్వం చేసింది. పర్యాటకాభివృద్ధి సంస్థ 'హరిత' పేరుతో తీరానికి ఆనుకుని కాటేజీలు వేసింది.

ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగిలినవన్నీ దాని వెంటే అర్థమవుతాయి. కాటేజీకి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క రోడ్డు. ఊరితో దానికి పని లేదు, ఊరికి దానితో పని లేదు.

మడివాళ నుంచి వెళ్ళేవాళ్ళకు ఆ తేడా తెలిసేది దిగిన గంటలోనే. బస్సు ఆరింటికో ఏడింటికో దింపుతుంది. కాటేజీ గదులు మామూలుగా మధ్యాహ్నం గానీ చేతికి రావు. ముందుగా ఫోన్ చేస్తే మాటలు ఇలా నడుస్తాయి.

"ఏవండీ, మేం పొద్దున్నే దిగిపోతామండి. చంటిపిల్ల ఉంది. రూము కాస్త ముందిస్తారా?"

"ముందున్నవాళ్ళు ఖాళీ చెయ్యాలి కదా మేడమ్. రండి, ఖాళీ ఉంటే చూద్దాం."

ఆ మాట చెప్పే ఉద్యోగిది తప్పని నేను అనను. అతని చేతిలో ఉన్నది రిజిస్టరు. దాంట్లో ఖాళీ కనిపిస్తేనే తాళంచెవి ఇవ్వగలడు. అదే ప్రశ్న గోకర్ణంలో ఇంటావిడను అడిగితే "బన్ని, బ్యాగు ఇల్లే ఇడి, మొదలు స్నాన మాడి" అంటుంది. గది ఖాళీ కాకపోయినా సరే, వసారాలో సామాను పెట్టి, పెరటి వైపు బాత్రూములో నీళ్ళు పోసుకుని, నీర్‌దోసె తిని, పిల్లను చాప మీద పడుకోబెట్టుకోవచ్చు. రాత్రంతా బస్సులో కూచుని నడుం పట్టేసిన మనిషికి ఆ వసారా విలువెంతో చెప్పక్కర్లేదు. మూడు రోజుల సెలవులో సగం రోజు అక్కడే మిగులుతుంది.

అయితే గోకర్ణంలో హోంస్టే బోర్డున్న ప్రతిచోటా ఇల్లు దొరుకుతుందనుకోకూడదు. ఓనరు బెంగళూరులోనో హుబ్బళ్ళిలోనో ఉంటూ, పనికి ఒక కుర్రాణ్ణి పెట్టి నడిపే లాడ్జీలు కూడా ఇప్పుడు అదే పేరు పెట్టుకుంటున్నాయి. కేంద్ర పర్యాటకశాఖ 'ఇన్‌క్రెడిబుల్ ఇండియా' పథకంలో హోంస్టేగా గుర్తింపు ఇవ్వాలంటే ఇంటివాళ్ళు ఆ ఇంట్లోనే కాపురముండాలి, అద్దెకిచ్చే గదులు ఆరుకు మించకూడదు. నిబంధన రాసినవాళ్ళకు విషయం బాగా తెలుసు. యాప్‌లో నక్షత్రాలు లెక్కపెట్టేకంటే ఫోన్ చేసి "మీరూ అక్కడే ఉంటారా?" అని అడిగితే చాలావరకు తేలిపోతుంది. పక్కనుంచి వంటింటి చప్పుడు, పిల్లల అల్లరి వినిపిస్తే మరీ మంచిది.

ఇంతవరకు పడమటి పక్షమే మాట్లాడాను. ఇక సముద్రం దగ్గరికి వద్దాం. ఇక్కడ తూర్పుది పైచెయ్యి, అదీ బాగా పైచెయ్యి. సూర్యలంక తీరం చదునుగా, వెడల్పుగా ఉంటుంది. కాటేజీ గడప దిగితే ఇసుక, నాలుగడుగులు వేస్తే నీళ్ళు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ కూడా కర్ర పట్టుకుని వెళ్ళి అల తడిపేచోట కూచోగలదు. పొద్దు సముద్రంలోంచే పొడుస్తుంది. దానికోసం ఎక్కడికీ పోనక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు.

గోకర్ణంలో అందమైన తీరాలన్నీ ఎర్రరాతి గుట్టల మధ్య ఉన్నాయి. కుడ్లెకు మెట్లు దిగాలి, మళ్ళీ ఆ మెట్లన్నీ ఎక్కాలి. హాఫ్‌మూన్, పారడైజ్ తీరాలకు కొండదారిలో నడవాలి, లేదా పడవెక్కాలి. ఇరవై అయిదేళ్ళ వయసులో ఆ నడకే ఒక సంబరం. అమ్మానాన్నలను, అత్తగారిని, స్ట్రోలర్‌లో పిల్లను తీసుకెళ్ళినవాళ్ళకు అదే నడక గుదిబండ. గుడి ముందరి తీరం చదునుగా ఉంటుంది గాని యాత్రికుల రద్దీ అక్కడే. ఇల్లు ఎంత బాగున్నా, ఇంటికీ సముద్రానికీ మధ్య పెద్దవాళ్ళు దాటలేని గుట్ట ఉంటే ఆ సెలవు పెద్దవాళ్ళది కాకుండా పోతుంది. వాళ్ళు వసారాలో కూచుని మన చెప్పుల కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

భాష సంగతీ తీసిపారేసేది కాదు. అమ్మకు రక్తపోటు మాత్ర అయిపోతే మందుల షాపు ఎక్కడని ఆవిడే సొంతంగా అడగగలగాలి. కాటేజీలో నేల ఊడ్చే ఆవిణ్ణి కూచోబెట్టి "మీదే ఊరమ్మా? పిల్లలెంతమంది?" అని కబుర్లలోకి దిగగలగాలి. తూర్పున ఇవన్నీ అడక్కుండానే జరిగిపోతాయి.

కాని ఆ చదునైన తీరమే నమ్మించి మోసం చేస్తుంది. బాపట్ల, చీరాల తీరంలో నీళ్ళలోకి దిగి మునిగిపోయిన కుర్రవాళ్ళ వార్తలు ఏటా చదువుతున్నాం. గోకర్ణంలోనూ అంతే. రెండుచోట్లా పోయేది బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. అడుగున ఇసుక ఎక్కడ గుంటపడిందో, లోపలికి లాగే నీరు ఏ పక్కన ఉందో రోజు రోజుకూ మారుతుంది. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, ఉప్పెన ముప్పు ముందే లెక్కగట్టి చెబుతుంది. మత్స్యకారుల ఫోన్లకు ఆ హెచ్చరికలు వస్తాయి. మనం దిగిన గదికి మాత్రం రావు. వేటకు పోయే మనిషి ఉన్న ఇంట్లో దిగితే, పొద్దున కాఫీ గ్లాసు అందిస్తూనే "ఇయ్యాల నీళ్ళు బాలేవు బాబూ, ఒడ్డునే ఉండండి" అనే మాట వినిపిస్తుంది. ఎర్రజెండా పాతినా లక్ష్యపెట్టని పిల్లలు కూడా ఆ మాట వింటారు, చెప్పినవాడు రోజూ ఆ నీళ్ళ మీదే బతికేవాడు కాబట్టి. ఉండే చోటును బేరీజు వేయడానికి ఇంతకంటే గట్టి కొలత నాకు తెలియదు.

నీళ్ళ సంగతి ఇంకొకటి ఉంది. చాలామంది పట్టించుకోనిది, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేదీ ఇదే. తీరపు ఇసుక కింద వాన నీరు ఉప్పునీటి పైన పలచటి పొరగా తేలి ఉంటుంది. చెయ్యి పంపుతోనో, చేదతోనో తోడుకుంటే ఆ పొర నిలుస్తుంది. మోటారు పెట్టి గుంజితే కింది ఉప్పు పైకొస్తుంది. ఒకసారి వచ్చిందంటే చుట్టుపక్కల ఇళ్ళ నీళ్ళన్నీ ఉప్పబడతాయి. అందుకే తీర ప్రాంత నియంత్రణ నిబంధనల్లో పోటు గీతకు 200 మీటర్ల లోపల భూగర్భజలం తోడటాన్ని కట్టడి చేశారు. అక్కడ కాపురముండే స్థానికులు తమ వాడకానికి తోడుకోవడానికి మాత్రం వీలుంచారు.

ఇప్పుడు చీరాల వైపు రామాపురం, వాడరేవు తీరాల్లో లేచిన రిసార్టుల వైపు చూడండి. ప్రచార బొమ్మల్లో అన్నిటికంటే ముందు కనిపించేది నీలిరంగు ఈతకొలను. ఎదురుగా బంగాళాఖాతం పెట్టుకుని లక్షల లీటర్ల తీపినీటితో కొలను నింపడం, పక్క పల్లెలో ఆడవాళ్ళు బిందెలతో ట్యాంకరు ముందు నిలబడే రోజుల్లో, నాకు సహించదు. ఆ నీరు ఊరి బయటి నుంచి ట్యాంకర్లలో వచ్చినా సరే, ఎక్కడో ఒక చెరువుదే, ఒక బోరుదే. ఎత్తైన ప్రహరీ, శనివారం రాత్రి డీజే, గేటు దగ్గర గుర్తింపు పట్టీ, ఇవన్నీ కలిసి ఆ చోటును తీరం మీద పడేసిన నగరపు ముక్కగా మారుస్తున్నాయి. కొన్ని ప్రకటనల్లో "ప్రైవేట్ బీచ్" అని కూడా రాస్తారు. మన దేశంలో పోటు గీతకు సముద్రం వైపున్న ఇసుక ఎవరి సొంత సొత్తూ కాదు. వల ఆరబెట్టుకునే మనిషికి అక్కడ ఎంత హక్కుందో గది అద్దెకు తీసుకున్న మనిషికీ అంతే. మడివాళలో ఆఫీసు, ట్రాఫిక్, పక్క పీజీ స్పీకర్ల మోతతో అలిసిపోయి బయల్దేరినవాళ్ళు అంత దూరం వెళ్ళి మళ్ళీ అదే మోత కొనుక్కోవడం బాధాకరం.

గోకర్ణం ఈ లెక్కలో మచ్చలేనిదని కాదు. ఉత్తర కన్నడ తీరంలో ఏటా 3000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఎర్రరాతి బావులు నిండుతాయి, మార్చి దాటాక చాలా బావుల్లో నీళ్ళు అడుగంటుతాయి. కొండ మీద కొత్త కాటేజీలు లేచేకొద్దీ కింది ఇళ్ళ బావులకు కష్టం పెరుగుతుంది. అయినా సొంత పెరట్లో బావి ఉన్న ఇంటివాళ్ళు ఎంత తోడాలో తెలిసి తోడతారు. రేపు వాళ్ళూ ఆ నీళ్ళే తాగాలి. బకెట్టు స్నానం చెయ్యమంటే ముఖం చిట్లించే అతిథి ఆ ఇంటికి తగడు.

తిండి విషయంలో పోలిక మరీ తిన్నగా సాగదు. గోకర్ణంలో గుడి వీధి ఇళ్ళలో శాకాహారమే. కొబ్బరి వేసిన కూరలు, సోల్‌కడి, కుచ్చలక్కి అన్నం. లావుపాటి ఉప్పుడు గింజ మనవాళ్ళకు మొదటి పూట మింగుడు పడదు. బీపీటీ 5204 అనే సాంబమసూరిని 1986లో లోకానికిచ్చింది బాపట్లే కదా, ఆ సన్నగింజకు అలవాటుపడ్డ నాలుకలు మనవి. చేపలు కావాలంటే గుడి వీధి దాటి, తదడి వైపో, ఊరి అంచున చేపలు వండే ఇళ్ళకో పోవాలి. అక్కడ బంగుడె అంటే మన కానాగంతే. మిరపకాయ, చింతపండు, కొబ్బరితో ముద్ద నూరి వండుతారు. కుమటా దారిలో ఎండాకాలం మొదట్లో జడలల్లి వేలాడదీసి అమ్మే తీపి ఉల్లిపాయలుంటాయి. ఇంటావిడ వాటిని పచ్చివే కోసి పళ్ళెంలో పెడుతుంది. ఆ ఊరికే చెందిన ఆ రుచి ఏ రిసార్టు మెనూలోనూ ఉండదు.

తూర్పున దురదృష్టం ఏమిటంటే, తిండికి పేరుపడ్డ తీరంలో ఉండీ అతిథి పళ్ళెంలోకి ఆ తిండి రాకపోవడం. కాటేజీల్లోనూ రిసార్టుల్లోనూ మెనూ కార్డు తీస్తే చికెన్ బిర్యానీ, ఫ్రైడ్ రైస్, నూడుల్స్, అపోలో ఫిష్. అవన్నీ మడివాళ మార్కెట్ పక్క సందులోనూ దొరుకుతాయి. అపోలో ఫిష్‌లో ముల్లు లేని ఆ ముక్క ఏ చెరువులో పెరిగిన చేపదో కూడా తెలియదు. కాస్త అవతల వాడరేవులో తెల్లవారుజామున బోట్లు ఒడ్డుకొస్తాయి. చందువలు, వంజరాలు, పీతలు, బుట్టల్లో ఇంకా కొట్టుకుంటున్న రొయ్యలు. మత్స్యకారుల ఇళ్ళలో చిక్కటి చేపల పులుసు కాగుతుంటుంది, మర్నాటికి ఇంకా బాగుంటుంది. ఆ పులుసు గిన్నెకూ అతిథి పళ్ళేనికీ మధ్య దారి వేసినవాళ్ళు లేరు.

చేప కోసమే వెళ్ళేవాళ్ళు తెలుసుకోవలసింది ఇంకోటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. పడమటి తీరంలో అది జూన్ 1 నుంచి జూలై 31 దాకా. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. మోటారు లేని చిన్న తెప్పలకు మినహాయింపు ఉంది. కాబట్టి మే నెల సెలవుల్లో చీరాల తీరాన "ఫ్రెష్ ఫిష్" అని బోర్డు కనిపిస్తే అది తెప్ప మీద వచ్చిందా, ఐసులో వచ్చిందా అని అడగాలి. వేసవిలో వెళ్ళక తప్పదు, చేప తినక తప్పదు అనుకునేవాళ్ళకు పడమరే మేలు.

కాలాన్ని బట్టి కూడా ఉండే చోటు మారుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గోకర్ణం తీరపు గుడిసెలు చాలావరకు విప్పేస్తారు, సముద్రం దిగనివ్వదు. దారులకూ భరోసా లేదు. 2024 జూలై 16న అంకోలా దగ్గర శిరూరులో హైవే మీద కొండచరియ విరిగిపడి ప్రాణాలు తీసింది. తూర్పున అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. సంక్రాంతి వెళ్ళాక రెండు తీరాలూ ప్రశాంతంగా ఉంటాయి. శివరాత్రికి మాత్రం గోకర్ణంలో రథోత్సవం. ఆ వారం గది దొరకదు, దొరికినా ఇంటివాళ్ళకు మనతో మాట్లాడే తీరిక ఉండదు. కార్తీకంలో సూర్యలంకదీ అదే పరిస్థితి. ఆది, సోమవారాలు తప్పించి మంగళ, బుధవారాల్లో వెళ్ళేవాళ్ళు అదృష్టవంతులు.

మధ్యాహ్నాలు ఏం చేస్తామన్నది కూడా ఆలోచించుకోవాలి. సముద్రం పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు. మిగతా పొద్దంతా? గోకర్ణంలో ఇల్లు ఊరి మధ్యలో ఉంటుంది కాబట్టి నాలుగడుగులు వేస్తే రథవీధి, కోటితీర్థం మెట్లు, హాలక్కి తెగ ఆడవాళ్ళు మెడనిండా పూసలతో కూచుని ఆకుకూరలమ్మే చోటు. తూర్పు తీరంలో చూడవలసినవి అంతకంటే తక్కువేం కాదు. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. పాత తెలుగు పత్రికల కోసం పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చే గ్రంథాలయం. చీరాల సందుల్లో కుప్పడం చీరలు నేసే మగ్గాల చప్పుడు వినవచ్చు. ఇంకాస్త దక్షిణంగా పోతే మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అభయశాసనం వేయించిన రేవు అదే. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. ఇక మీదట సుంకం తప్ప ఏదీ తీసుకోబోమని, సముద్రం మీద ప్రాణాలకు తెగించి వచ్చేవాళ్ళకు మాట ఇచ్చి ఆ మాటను రాతి మీద చెక్కించాడు. బయటివాణ్ణి ఎలా ఆదరించాలో ఈ తీరానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. అయినా కాటేజీలో దిగినవాళ్ళకు ఈ ఊళ్ళ పేర్లు చెప్పేవాళ్ళు దొరకరు. గదిలో టీవీ రిమోట్ ఉంటుంది, దారి చెప్పే కాగితం ఉండదు.

ఇన్ని చెప్పాక ఎటు వెళ్ళమంటానో చెప్పాలి. పెద్దవాళ్ళు, చంటిపిల్లలు ఉన్న కుటుంబమైతే జనవరి, ఫిబ్రవరిలో సూర్యలంక కాటేజీయే. తెల్లవారు గంటల్లో దిగే ఇబ్బందికి విరుగుడుగా ముందురోజు రాత్రికే గది తీసుకోండి. ఒక రోజు అద్దె ఎక్కువైనా పరవాలేదు. మధ్యాహ్నాల కోసం ఒక ఆటోను మాట్లాడి పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురు స్నేహితులైతే, నడిచే ఓపిక ఉంటే, నవంబరులో గోకర్ణం. అయితే తీరం మీది గుడిసె కంటే ఊళ్ళో ఇంటివాళ్ళున్న గది చూసుకోండి. సముద్రం దూరమైతే ఏమైంది, అరగంట నడక. కొలను, డీజే ఉన్న రిసార్టుకు నేనెవరినీ పొమ్మనను.

కాని ఈ తీర్పు నాకే తృప్తిగా లేదు. నాకు కావలసింది సూర్యలంక సముద్రం, గోకర్ణం ఇల్లు. అవి రెండూ ఒకచోట ఎందుకు ఉండకూడదు? జపాన్ తీరపు పల్లెల్లో మిన్షుకు అనే పద్ధతి ఉంది. చాలాచోట్ల జాలరి కుటుంబమే ఇంట్లో రెండు మూడు గదులు అతిథులకిస్తుంది. ఆ రోజు పడిన చేపే రాత్రి భోజనం, అద్దెలోనే తిండి ఖర్చు కలిసి ఉంటుంది. అది జపాన్‌కే పరిమితం కావలసిన పని లేదు. మన చట్టం కూడా దానికి అడ్డు రాదు. 2019 జనవరిలో వచ్చిన తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్, కొత్త కట్టడాలకు వీల్లేని గ్రామీణ తీరంలో కూడా మత్స్యకారులతో సహా స్థానికులు తమ ఇళ్ళలోనే హోంస్టే నడుపుకోవచ్చని చెప్పింది. ఇంటి పునాది కొలత, ముఖద్వారం రూపు మార్చకూడదన్నదే షరతు. అంటే పోటు గీతకు దగ్గరగా అతిథిని దింపుకునే మొదటి అవకాశం పెట్టుబడిదారుడి కంటే ముందు వాడరేవు, రామాపురం జాలరి ఇంటికే ఉంది.

ఆ అవకాశం కాగితం మీదే ఉండిపోవడానికి కారణాలు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. ఇల్లు చిన్నది, బాత్రూము సరిగ్గా ఉండదు, యాప్‌లో పేరు చేర్చడానికి కావలసిన లైసెన్సు కాగితాలు వాళ్ళ చేతిలో ఉండవు. ఇంకో కారణం మనవైపుది. జాలరి ఇంట్లో దిగి, వాళ్ళ కంచంలో తినడానికి మనలో ఎంతమంది మనసారా సిద్ధపడతారు? మడివాళలో ఏ కులం, ఏ జిల్లా అని అడక్కుండా నలుగురితో ఒకే గదిలో పడుకుని ఒకే మెస్సులో తింటున్న కుర్రవాళ్ళకైనా ఆ అడ్డు ఉండదని నా నమ్మకం. అందుకే ఈ మాట వాళ్ళకే చెబుతున్నాను. ఒక మంచి బాత్రూము, దోమతెర, కడిగి ఎండబెట్టిన దుప్పట్లు, పొద్దున ఆరింటికి బ్యాగు పెట్టుకోనిచ్చే అరుగు, మధ్యాహ్నం పులుసన్నం. వీటికి కావలసిన అప్పును పర్యాటకశాఖో మత్స్యశాఖో ఇప్పించగలిగితే, ఆ తీరంలో ముందు పది ఇళ్ళు చాలు. బుకింగ్ కోసం ఫోన్ చేసినప్పుడు ఆ పేట నుంచే ఒక ఆడమనిషి ఎత్తి, "ఎంతమంది వస్తన్నారమ్మా? చేపలు తింటారా?" అని అడగాలి.